కథానాయికకు ఏడు లోపాలు

ఆ మంగళవారం చిదోరి వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికల్లా ఆరు కాగితాలు ఫ్యాక్స్ చేయాలి, స్నానం చేయాలి, సాయంత్రం దాకా పడుకోవాలి. మధ్యాహ్నం రెండింటికి పత్రిక ఆఫీసులో సమావేశం ఉంది. ఆమె గీస్తున్న మాంగా, అంటే జపాన్ తరహా బొమ్మల ప్రేమకథ, కొనసాగుతుందా, మూడు నెలల్లో ముగుస్తుందా అన్నది ఆ ఆరు కాగితాలు చూసి తేలుస్తారు.

చిక్కంతా నాయికతోనే. మయుక అనే ఆ పదహారేళ్ళ పిల్ల చదువులో ఫస్టు, పరుగుపందెంలో ఫస్టు, పొద్దున్నే లేచి ఇంటిల్లిపాదికీ లంచ్ బాక్సులు కడుతుంది. పాఠకులు పోస్టుకార్డుల మీద వేసే ఓట్లలో మాత్రం పద్దెనిమిది కథల్లో పదిహేడో స్థానం. "ఈ అమ్మాయి పక్కన కూర్చోవాలంటే భయమేస్తోంది" అని ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె రాసింది.

చిదోరి కథను చూసుకునే ఎడిటర్ కురమోచి ఆ కార్డు తెచ్చి చూపించింది. మాంగా గీసేవాళ్ళను అక్కడ గౌరవంగా 'సెన్సే' అని పిలుస్తారు. "సెన్సే, మయుకకి ఏవైనా లోపాలు పెట్టండి. చదివే పిల్ల 'అయ్యో, ఇది నేనే' అనుకోవాలి."

చిదోరి రెండు రోజులు ఆలోచించి, ముసాయిదా కాగితం ఒకదాని వెనక ఏడు లోపాలు రాసుకుంది. పైన తనకు తానే ధైర్యం చెప్పుకుంటున్నట్టు, "ఈ మనిషిని ఇక వెనకేసుకు రాను. లోపాలు ఇవీ" అని పెద్ద అక్షరాలతో పెట్టింది. కానీ బొమ్మలు వేయడానికి కూర్చుంటే చెయ్యి రాలేదు. రెండేళ్ళు కన్నకూతురిలా పెంచిన పిల్లాయె. చివరికి ఒకే ఒక్క లోపం పెట్టింది. మయుక మరీ ఎక్కువ కష్టపడుతుంది.

"ఇది లోపమా సెన్సే?" అంది వెనక దృశ్యాలు గీసిపెట్టే సహాయకురాలు వకబ. "ఉద్యోగం ఇంటర్వ్యూలో చెప్పుకునే మాట ఇది."

"నువ్వు కిటికీలు గియ్యి" అంది చిదోరి.

పాత ఫ్యాక్స్ మిషన్‌లో కాగితాన్ని బొమ్మ పైకి కనిపించేలా పెట్టాలి. కిందటి వారం చెల్లెలు నత్సుహో ఇచ్చిన కొత్త మిషన్‌లో బొమ్మ కిందికి ఉండాలి. చిదోరి పాత అలవాటు కొద్దీ పెట్టింది. మిషన్ ఆరు కాగితాల వెనక వైపులనూ శ్రద్ధగా చదివి పంపించింది. అయిదు ఖాళీవి. ఆరోది లోపాల చిట్టా.

పదకొండింటికి కురమోచి ఫోన్ చేసింది.

"సెన్సే... మీ ఫ్యాక్స్ అందింది."

"ఎలా ఉందండీ?"

"చాలా... సూటిగా ఉంది."

"ఇన్నాళ్ళూ మొహమాటపడ్డాను. ఈసారి తెగించాను."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "జలుబు చేసిందా?" అని అడిగింది చిదోరి.

"కాదండీ, పుప్పొడి పడదు నాకు." పుప్పొడి రాలేది వసంతంలో, అది అక్టోబరు నెల. "నేను మీ ఇంటికే వస్తున్నాను. ఇప్పుడే బయలుదేరాను." ఆ మాట వెనకే ఆఫీసు ఫోన్లు రెండు మోగుతున్నాయి.

చిదోరి ఫోన్ పెట్టేసి నేల మీద కూలబడింది. శుభవార్త ఫోన్లో చెబుతారు. కథ ఆపేసేటప్పుడే ఎడిటర్ మిఠాయి పెట్టె పట్టుకుని ఇంటికొస్తుంది.

"ఉత్త చేతులతో రావచ్చుగా సెన్సే" అంది వకబ.

గంటన్నర తర్వాత కురమోచి వచ్చింది. చేతిలో ఎర్ర బీన్స్ మిఠాయి పెట్టె ఉంది. గుమ్మంలోనే నడుం వంచి, పెట్టె రెండు చేతులా ముందుకు చాపింది.

"తప్పంతా నాదే సెన్సే."

"మీదెందుకవుతుందండీ, నాదే. ఇలా ముగుస్తుందని నాకు మొదట్నుంచీ తెలుసు."

"మొదట్నుంచీ తెలుసా! మరి రెండేళ్ళు ఎలా భరించారు?"

"అలవాటైపోయింది" అంది చిదోరి హుందాగా.

కురమోచి బావురుమంది. "మూడోది మాత్రం ఒక్కసారే సెన్సే! పన్నెండో భాగం. ఆ రోజు మా అమ్మ పెళ్ళిచూపులు పెట్టింది. చదవకుండానే కన్నీళ్ళొచ్చాయని చెప్పాను. మిగతావన్నీ నిజంగా చదివే ఏడ్చాను!"

"మూడోదేమిటి?" అని చిదోరి అడిగేలోగా తలుపు గంట మోగింది.

ఈసారి వచ్చింది ప్రధాన సంపాదకుడు ఇగరషి. ఆయన చేతిలో తేనె కేకు పెట్టె, కురమోచి తెచ్చినదానికి రెండింతలు. కథ ఆపేయడానికి కూడా ఆయన ఎవరింటికీ వెళ్ళడు. వకబ చిదోరి చెవిలో గొణిగింది. "పత్రికే మూసేస్తున్నారేమో సెన్సే."

ఇగరషి చాప మీద మోకాళ్ళూని, నుదురు నేలకు ఆనించాడు. "రెండోది నేనే."

"ఏది రెండోది?"

"పుడ్డింగ్."

కురమోచి ఏడుపు ఠక్కున ఆగిపోయింది. "మీరా! మూత మీద నా పేరు రాసి పెట్టానండీ! మూడు రోజులు వెతికాం! టార్చి లైటు పట్టుకుని నా బల్ల కింద కూడా దూరారు మీరు!"

"దూరాను. ఆ వెతకడం గురించీ రాశారు సెన్సే. ఎలా తెలిసిందో నాకు అంతుపట్టడం లేదు." ఆయన చిదోరి వైపు తిరిగాడు. "మా మీద విసుగొచ్చి అయిదు తెల్ల కాగితాలు పంపారు. అర్థమైంది. కానీ ఒక్క పుడ్డింగ్ కోసం వేరే పత్రికకి వెళ్ళిపోకండి. ఆఫీసులో పదకొండు మందిమీ చదివాం. ఒక్కరూ తలెత్తట్లేదు. ప్రూఫులు చూసే పెద్దాయన నాలుగోది చదివి, కడుపునొప్పని ఇంటికెళ్ళిపోయాడు."

జేబులోంచి మడత కాగితం తీసి పరిచాడు. చిదోరి చూసింది. తన రాతే. బయలుదేరానని ఫోన్లో చెప్పడం, అప్పటికి మేజోళ్ళు కూడా వేసుకోకపోవడం. ఫ్రిజ్‌లో ఇంకొకరి పేరున్న పుడ్డింగ్ తినేసి, అందరితో కలిసి వెతకడం. మూడోది, చదవనిదాన్ని చదివి ఏడ్చానని చెప్పడం. నాలుగోది, వెనకున్నవాళ్ళకు ఎవరో చెయ్యూపితే తనకేననుకుని తానూ ఊపి, ఆ చేత్తోనే జుట్టు సర్దుకోవడం. అయిదోది, ఏడ్చి, పుప్పొడి మీదికి నెట్టేయడం. చిదోరి కొత్త ఫ్యాక్స్ మిషన్ వంక చూసింది.

"ఇది... మీ గురించి కాదండీ" అంది. "మయుక గురించి."

చిదోరి ఆరు కాగితాలనూ సరైన వైపు తిప్పి ఇగరషి చేతికిచ్చింది. ఆయన ఒక్కొక్కటీ చూశాడు. ఆఖరిదాని దగ్గర ఆగాడు.

"మరీ ఎక్కువ కష్టపడటమా?"

"అవునండీ."

"ఇవే అంది ఉంటే సెన్సే, నేను వచ్చేవాణ్ణి కాదు. మిఠాయి పెట్టె ఒక్కటే వచ్చేది." కాగితాలు పక్కన పెట్టి, చిట్టా మీద వేలు ఆనించాడు. "ఇది గీయండి. ఏడూ పెట్టండి. రెండింటి సమావేశం అయిపోయిందనుకోండి."

"పదకొండు మందిమీ 'అయ్యో, ఇది నేనే' అనుకున్నాం సెన్సే" అంది కురమోచి, కళ్ళు తుడుచుకుంటూ. "పుప్పొడి" అని కూడా అంది.

ఇగరషి కలం తీశాడు. "ఇంతకీ ఎవర్ని చూసి రాశారు?"

ఏడూ చిదోరివే. ఒక్కటి కూడా బయటినుంచి తెచ్చుకోలేదు.

"సెన్సే" అంది వకబ నెమ్మదిగా, "పోయిన నెల నా పుడ్డింగ్..."

"మా చెల్లెల్ని చూసి!" అంది చిదోరి.

ఇగరషి ఆ ముక్క రాసుకున్నాడు.

డిసెంబరు సంచికలో మయుక బడికి ఆలస్యమైంది, వంటింట్లో దొంగయింది, ప్రేమిస్తున్న కుర్రాడు ఎదురుపడితే వర్షం గురించి మాట్లాడి వచ్చేసింది. పోస్టుకార్డుల్లో కథ రెండో స్థానానికి ఎగబాకింది. ఎనిమిదో తరగతి పిల్ల మళ్ళీ రాసింది. "ఈ అమ్మాయిని నా పక్కన కూర్చోబెట్టుకుంటాను."

మొదటి పేజీలో, మయుక తల మీదుగా, పెద్ద అక్షరాల్లో ఒక వాక్యం అచ్చయింది. "రచయిత్రి సొంత చెల్లెలి నిజ స్వభావం ఆధారంగా!"

శనివారం నత్సుహో ఫోన్ చేసింది.

"అక్కా! చిన్నప్పుడు ఆ పుడ్డింగ్ తిన్నది నువ్వు! తిట్లు నేను తిన్నాను! ఇప్పుడు మళ్ళీనా? మా ఆఫీసులో ఇవాళ నన్ను చూసి ఫ్రిజ్‌కి తాళం వేశారు!"

"రేపు పొద్దున్నే వస్తానే. ఎదురుగా కూర్చుని అన్నీ చెబుతాను."

"పదింటికల్లా రావాలి."

ఆదివారం పదింటికి నత్సుహో మళ్ళీ ఫోన్ చేసింది. చిదోరి ఇంట్లో పెద్ద మిఠాయి పెట్టె ఒకటి గుమ్మం దగ్గర సిద్ధంగా ఉంది. ఎర్ర బీన్స్ రకం.

"ఎక్కడున్నావక్కా?"

"ఇదిగో, బయలుదేరాను" అంది చిదోరి, రెండో మేజోడు కోసం మంచం కింద చెయ్యి పెట్టి తడుముకుంటూ.