కెమెరా వైపు చూడని మనిషి

బ్యాంకాక్‌లో అది ఆఖరి ఉదయం. జనగామలో భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన బలరాం సారు ఒక్క మంచి ఫొటో కోసం బయలుదేరారు. జనగామ గ్రంథాలయంలో వచ్చేవారం ఫొటోల ప్రదర్శన. గోడమీద ఆయనకిచ్చిన చోటు ఇంకా ఖాళీ. ఆయన నియమం ఒకటే: వీధి ఫొటోలో ఎవరూ కెమెరా వైపు చూడరాదు. తనను గమనిస్తున్నారని తెలిసిన మనిషి సహజంగా ఉండలేడని ఆయన సిద్ధాంతం.

ఆ సిద్ధాంతానికి నిలువెత్తు నిదర్శనం సహయాత్రికుడు ప్రేమ్‌సింగ్. మహబూబాబాద్‌లో బస్సు కండక్టరుగా చేసి రిటైరైన అతడు, కెమెరా లేచినప్పుడల్లా ఎదుట చేతులు కట్టుకుని నిలబడేవాడు.

"జర పక్కకు జరుగరాదయ్యా!"

"నేను లేకుంటే మనం వచ్చినమని ఎవలు నమ్ముతరు సారూ? రుజువుండాలె గద!"

రుజువు అనేసరికి, హేతువాది అయిన సారు కెమెరా మీట నొక్కేసేవారు. కెమెరా మెమరీ కార్డు నిండిపోవడంతో ఆ ఉదయమే, చెప్పకుండా, ప్రేమ్‌సింగ్ ఫొటోలన్నీ చెరిపేశారు.

వీధి మలుపులో నూడుల్స్ బండి. ఆవిరి వెనుక అవ్వ, తల వంచి తింటున్న జనం. సారు కెమెరా ఎత్తి, "నువ్వు మాత్రం అడ్డం రాకు" అన్నారు.

ప్రేమ్‌సింగ్ అడ్డం రాలేదు, సాయం చేయబోయాడు. "జరుగుండ్రి, లోపలికి జరుగుండ్రి! సారు ఫొటో దింపుతుండు!" భాష తెలియకున్నా కండక్టరు చెయ్యి అందరికీ అర్థమైంది. తినేవాళ్లు లేచి వరుస కట్టారు. వరుస చూసి, ఏదో ఉచితంగా పంచుతున్నారనుకుని దారినపోయేవాళ్లూ చేరారు. అవ్వ ఆగమాగంగా గిన్నెలు నింపసాగింది. అందరూ కెమెరా వైపు చూసి నవ్వారు.

"కూసోండి! తినుండ్రి! నన్ను చూడకుండ్రి!" అంటూ సారు వరుసలోకి దూకారు. ఎవరి చేతిలోదో గిన్నె ఆయన నెత్తిన ఒరిగింది. కెమెరా పులుసులో మునిగింది.

ఎదుటి కాలిబాటమీది కాలేజీ అమ్మాయి వచ్చి, నవ్వు ఆపుకుంటూ తన ఫోను చూపింది. చెవికి నూడుల్స్ వేలాడుతుండగా చేతులెత్తి అరుస్తున్న బలరాం సారు; గరిటె పట్టుకునే కళ్లు తుడుచుకుంటున్న అవ్వ; పడిపడి నవ్వుతున్న వీధి. ఒక్కరూ కెమెరా వైపు చూడటం లేదు. అందరికన్నా ముందు, సారే చూడటం లేదు. ఆయన ఆమె పేరు అడిగి రాసుకుని, ఆ ఫొటోను తన ఫోనుకు పంపమని సైగ చేశారు.

జనగామలో ఆ అమ్మాయి పేరుతోనే అది గోడకెక్కింది. చూసినవాళ్లు నవ్వి, వెళ్లి, ఇంటివాళ్లను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చారు. మహబూబాబాద్ నుంచి వచ్చిన ప్రేమ్‌సింగ్ మాత్రం నవ్వలేదు. ఫొటోను అంచు నుంచి అంచు దాకా వెతికాడు.

"గిందుల నేనేడ సారూ?"

"నువ్వు నా నెత్తి తుడువ గుడ్డకు పోయినవు గదయ్యా."

"గట్లనా. మరి నేనున్న కడమ ఫొటోలు?"

బలరాం సారు గ్రంథాలయం పైకప్పును శ్రద్ధగా పరిశీలించారు.

ప్రేమ్‌సింగ్ బ్యాంకాక్ వెళ్లాడనేది, ఊరివాళ్లకు, ఇంకా రుజువు కావలసిన ప్రతిపాదనే.