కండిగై వేదాంతంలో మోటారు

ఆదివారం పొద్దున ఇడ్లీలు తిని వేదాంతానికి వెళ్ళాలి, పదకొండుకల్లా ఇంటికొచ్చి కునుకు తీయాలి. ఇదీ చెంగల్రాయుడి ఏర్పాటు. తమిళ పల్లె కే.జీ.కండిగైలోని తెలుగువాళ్ళు ఆరు నెలల కిందట పాల సొసైటీ వరండాలో వేదాంత పఠన సంఘం పెట్టుకున్నారు. పుస్తకం మన భాషలోనే ఉండాలని ఊరందరి మీదా ఎగిరి, తిరుపతి నుంచి తెప్పించి, అధ్యక్షుడైనవాడు చెంగల్రాయుడు. బ్రహ్మం, మాయ, జగత్తు అంటూ గంభీరంగా చదివి వినిపించేది రిటైర్డు గుమాస్తా తణికాచలం. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో తమిళం చదువుకున్న అధ్యక్షుడికి తెలుగులో ఒక్క అక్షరం రాదన్న సంగతి భార్య దేవకికి తప్ప నరమానవుడికి తెలియదు.

ఆ రోజు తణికాచలం కనపడలేదు.

"పట్టాభిరామ్‌లో కూతురింటికి పోయినాడు మామా. ట్రైను లేటంట. ఈ పొద్దు నువ్వే చదువు," అంటూ సంఘంలోని కాంచన పుస్తకం చేతిలో పెట్టింది.

రాదంటే చెంగల్రాయుడి పరువు గంగలో కలుస్తుంది. పుస్తకం తెరిచి గొంతు సవరించుకున్నాడు. పొద్దున్నే తనను ఏడిపించిన బోరు మోటారు తప్ప ఇంకేమీ బుర్రకు తట్టలేదు.

"మనసనునది మోటారు వంటిది. నీళ్ళు లేనప్పుడు తిరిగితే కాలిపోవును."

చెరుకు రైతు జయరామ కళ్ళు తుడుచుకున్నాడు. ఆరు నెలల్లో అతనికి అర్థమైన మొదటి వాక్యం అదే మరి.

"ఇంకోతూరి చదువు మామా, రాసుకుంటా," అంది కాంచన.

కంగారులో మొదటిది కాస్తా మరచిపోయాడు. "ఊరక నిలిపిన మోటారు తుప్పు పట్టును."

"తిరిగితే కాలిపోతాదని కదా ముందు చదివినావు?"

అంతే, సంఘం రెండుగా చీలింది. మోటారు ఆపాలన్న జయరామ, ఇక చెరుకు తోట వైపే పోనని తీర్మానించాడు. తిప్పాలన్న తమ్ముడు పళని, "నీ వంతు నీళ్ళు ఎవురు కడతారు, మీ వేదాంతమా?" అని లేచాడు. గంటసేపు అరుచుకుని, చివరికి పుస్తకమే చూసి తేల్చుకుందామన్నారు. కాంచన పేజీ చూసి తలూపి జయరామకిచ్చింది. అతను అద్దాలు తేలేదని పళనికిచ్చాడు. పళని, పెద్దవాళ్ళు చూడాల్సిందేనని మళ్ళీ అధ్యక్షుడికే ఇచ్చాడు. సాకు వెతుక్కుంటున్న చెంగల్రాయుడికి వాళ్ళ మొహాలు చూసే తీరికెక్కడిది?

సరిగ్గా అప్పుడే తణికాచలం సంచీతో వచ్చాడు.

"మోటారు తిప్పమన్నాడా, ఆపమన్నాడా? నువ్వే చదివి చెప్పన్నా," అని అందరూ మీద పడ్డారు.

నా పని అయిపోయిందనుకుని చెంగల్రాయుడు చెప్పులు వెతుక్కున్నాడు. తణికాచలం అద్దాలు తగిలించుకుని, గీత గీతకీ వేలు పెట్టి, తడబడకుండా చదివాడు.

"నీళ్ళున్న తిప్పవలెను. లేకున్న ఆపవలెను. కరెంటు మాత్రము పైవాడి చేతిలో ఉండును."

అన్నదమ్ములిద్దరూ చల్లబడ్డారు. చెంగల్రాయుడు మాత్రం తెరిచిన నోరు మూయలేదు. తాను పుట్టించిన మోటారు ఆ పుస్తకంలో ఈయనకెలా దొరికింది? అంటే ఆరు నెలలుగా తాను తలూపిందంతా దేనికి? ఒళ్ళు మండిపోయింది. నిలదీస్తే, లేదని నీకెలా తెలుసంటారు.

తణికాచలం అద్దాల పైనుంచి అతన్నే చూస్తున్నాడు.

"బాగా చదివినావంట తమ్ముడూ."

"నీ అంత యాడ వస్తాదిలే అన్నా."

ఆ పుస్తకాన్ని కండిగైలో ఇంతవరకూ ఎవరూ చదవలేదు; అర్థం కానివాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.