మాయం కావలసిన పిల్ల

ఆ ఉదయం అనుకున్నది చిన్న పనే. మేనమామ మ్యాజిక్ ప్రదర్శనలో అమ్మాయి పెట్టెలోకి దూరాలి. లోపలి నల్ల పలకను తన ముందుకు లాక్కుని, వెనక తలుపులోంచి తెర చాటుకు జారుకోవాలి. వరండా వెంట పరిగెత్తి, ప్రేక్షకుల వెనక గుమ్మంలో ప్రత్యక్షం కావాలి. పదహారేళ్ల పిల్లకు అదే మొదటి ఆట.

పళ్లు తోముకుంటూనే నాన్న తేల్చేశాడు. "ఈ ఒక్కసారే. కాస్త తేడా వచ్చినా మళ్లీ స్టేజీ ఊసెత్తకూడదు."

సాయంత్రం ఆట మొదలైంది. మామ పెట్టె మూస్తూ, "ఏం జరిగినా కిక్కురుమనకు. గుట్టు బయటపడితే నా పొట్ట కొట్టినట్టే" అన్నాడు.

ఆమె పలక లాక్కుంది. వెనక తలుపు నెట్టింది. కదల్లేదు. భుజంతో నెట్టింది. గోడను నెట్టినట్టుంది.

పాపం, ఆమెకేం తెలుసు? పెట్టె ఊగుతోందనీ, పిల్ల పడిపోతుందనీ, ఆట మొదలవక ముందే అమ్మ తెర వెనక్కి వెళ్లి, ఒక పెద్ద బల్లను ఈడ్చుకొచ్చి పెట్టె వెనక తలుపుకు ఆనించింది.

మామ ముందు తలుపు తెరిచాడు. పలక అడ్డుండడంతో పెట్టె ఖాళీగా కనబడింది. చప్పట్లు. "ఏదీ మన అమ్మాయి? అదిగో!" అని గుమ్మం వైపు చెయ్యి చాపాడు.

అందరూ తిరిగి చూశారు. గుమ్మంలో పెద్ద మీసాల వాచ్‌మన్. "దారికడ్డంగా పెట్టిన స్కూటరెవరిదండీ?"

"అబ్బో, పిల్లని మీసాలాయన్ని చేసేశాడు!" అని ఎవరో అరిచారు. హాలు ఘొల్లుమంది.

పెట్టెలో పిల్లకు ముచ్చెమటలు పోశాయి. అరిస్తే మామ బతుకూ, తన స్టేజీ రెండూ పోతాయి. అరవకపోతే ఊపిరే పోయేలా ఉంది. జడ కొస నోట్లో కుక్కుకుంది.

"అదిగో!" అన్నాడు మామ మళ్లీ. ఈసారి గుమ్మంలో పురుగైనా లేదు.

"ఒరే బావమరిదీ! నా కూతురేదిరా?" నాన్న లేచాడు.

"వస్తుంది బావా, కూర్చో."

"ఎక్కణ్ణించి?"

"అది... చెప్పకూడదు బావా."

"నా గొడుగులు పట్టుకెళ్లి మాయం చేశావు, అడిగానా? టార్చిలైటు మాయం చేశావు, అడిగానా? ఇది పిల్లరా!"

ఒక్క అంగలో స్టేజీ ఎక్కి నాన్న ఖాళీ పెట్టెను వాటేసుకున్నాడు. "తల్లీ, ఎక్కడున్నావే? ఇంకెప్పుడూ స్టేజీ వద్దననమ్మా, ఒక్కసారి కనబడు!" అంటూ వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ ఊపుకు పెట్టె జానెడు ముందుకు జరిగింది.

వెనక తలుపు తెరుచుకుంది. అమ్మాయి బల్ల కిందనుంచి పాకి, తిమ్మిరెక్కిన కాళ్లతో కుంటుతూ పరిగెత్తి, గుమ్మంలో నిలబడింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. కానీ ఎవరి చూపూ ఆమె మీద లేదు.

హాలు యజమాని మామ చేతులు పట్టుకున్నాడు. "అమ్మాయి సంగతి సరే. ఆ ఏడ్చినాయన ఎవరండీ? అచ్చం నిజంలాగే ఏడ్చాడు! రేపటి ఆటలోనూ ఆయనుండాల్సిందే."

మర్నాడు నాన్న అద్దం ముందు నిలబడి చాలాసేపు తల దువ్వుకున్నాడు. కూతురు గుమ్మం దగ్గరే ఆగి, భయంభయంగా అడిగింది. "నేనూ రావచ్చా నాన్నా?"

"నువ్వు రాకపోతే ఎవరి కోసం ఏడవను?" అన్నాడు నాన్న. "కాకపోతే ఇవాళ కాస్త ఆలస్యంగా బయటికి రా. నిన్న నాకు ఏడుపు కుదురుకునేలోపే వచ్చేశావు."