దూరం జరిగిన పరుగుల బడి

ఒక పెద్ద అడవిలో పరుగు నేర్పడానికి ఒక సంఘం ఉండేది. అధ్యక్షుడు మొదలుకొని అటెండరు దాకా అందులో పరుగెత్తేవాడు ఒక్కడూ లేడు. ఆ లోటు ఎవరికీ కనపడలేదు. సంఘాలంటేనే అంత.

ఆ అడవిలో ఏటా తొలకరికి ముందు ఒక పరుగు పందెం పెట్టేవారు. ముందు చేరినవాళ్లకు మెట్ట మీద బొరియకు చోటు. ఓడినవాళ్లు వాగొడ్డున ఉండి, వరదొస్తే దేవుడికి దండం పెట్టుకోవాలి.

నూకాలు అనే ముళ్లపంది కాపురం వాగొడ్డునే. కిందటి వానల్లో బొరియ మునిగితే పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరచుకుని బండ మీదికి చేర్చింది. చివరిదాన్ని తెచ్చేసరికి నీళ్లు మెడదాకా వచ్చాయి. ఈ ఏడు ఎలాగైనా మెట్ట ఎక్కాలని ఆ బండ మీదే ఒట్టు పెట్టుకుంది. చిక్కల్లా ఒకటే. ఆమె పుట్టి బుద్ధెరిగాక పరుగెత్తలేదు. ఆపదొస్తే ముళ్లు విప్పి నిలబడటమే ఆ జాతికి తెలిసిన విద్య.

పేరివ్వడానికి వెళ్తే సంఘం కార్యదర్శి జంబయ్య నక్క ఆమెను ఎగాదిగా చూశాడు. మెట్ట మీద ఖాళీ అయింది ఒక్క చోటు. అది తన అల్లుడికని ఆయన ఎప్పుడో తీర్మానించుకున్నాడు. ఆ సంగతి తెలిసి మిగతా జంతువులు పేర్లే ఇవ్వలేదు. ఈ ముళ్లపందికి ఆ మాత్రం లోకజ్ఞానం లేకపోయింది. వద్దనడానికి నిబంధన లేదు. నిబంధన లేకపోతేనేం, నోరుంది.

"శిక్షణ లేకుండా పరుగేమిటమ్మా? దారిలో గుండె ఆగితే పూచీ ఎవరిది? రోజూ తరగతికి రా. ఒక్కపూట ఆలస్యమైనా పేరు కొట్టేస్తాం" అన్నాడు.

తరగతిలో పాఠం చెప్పేది కొంగ పంతులు. ఆయన ఒంటికాలి మీద నిలబడి, కాలు ఎత్తడం గురించి పూటంతా చెప్పాడు. ఎత్తిన కాలు దించలేదు. పందేనికి ముందు పరుగెత్తితే సత్తువ వృథా అవుతుందని హెచ్చరించాడు.

నూకాలు బెరుగ్గా లేచింది. "అయ్యా, ఒక్కసారి పరుగెత్తి చూడొద్దా?"

"అది ప్రాక్టికలు. మన సిలబస్‌లో లేదు."

విసుగుపుట్టి తనే మానేస్తుందని జంబయ్య అనుకున్నాడు. ఆమె మానలేదు. దాంతో ఆయన తరగతిని జరపడం మొదలుపెట్టాడు. మొదట వాగు పక్కనుండేది. అక్కణ్ణుంచి వెదురుపొద దగ్గరికి, తర్వాత లోయ అవతలికి, ఆ పైన కొండ నెత్తికి. ఎక్కడన్నది తెల్లారాక గానీ చెప్పడు. సంఘం అటెండరు గోరువంక వాగు మీదుగా ఎగురుతూ ఆ చోటు కేకేసి పోయేది.

పాపం నూకాలు పిల్లల్ని పొరుగు నీటికుక్క ఎర్రమ్మకు అప్పగించి, ముళ్లు గలగలలాడుతుండగా పరుగో పరుగు. చెట్ల మీద కోతులు పొట్టలు పట్టుకుని నవ్వేవి. మొదట్లో ఏటవాలు సగం ఎక్కేసరికి కళ్లు బైర్లు కమ్మి కూలబడేది. తిట్టుకునేది, లేచేది, మళ్లీ పరుగెత్తేది. అల్లుడు మాత్రం ఇల్లు కదలలేదు. అతని పేరు పిలిస్తే కొమ్మ మీద గోరువంక "హాజరు" అనేది. పదవున్నవాడి బంధువుకు శరీరంతో పనేముంది?

పందెం దగ్గరపడేకొద్దీ నూకాలుకు దిగులెక్కువైంది.

"కొంగ పంతులు చెప్పింది ఒక్క ముక్కా బుర్రకెక్కలేదు వదినా. నాకు పరుగు రాదు" అంది.

ఎర్రమ్మ నోట్లో చేప నములుతూ అడిగింది. "రోజూ కొండ మీదికి ఎలా పోతున్నావే?"

"పరుగెత్తుకుంటూ."

"మరి రాదంటావేం?"

"అది తరగతికి వెళ్లడానికి కదా వదినా. నేర్చుకున్నది కాదుగా."

ఎర్రమ్మ ఆమెకేసి జాలిగా చూసి ఇంకో చేప తీసుకుంది.

పందెం నాడు అడవంతా దారికి రెండు పక్కలా చేరింది. అల్లుడు నిలబడిన తీరు చూసి కొంగ పంతులు మురిసిపోయాడు. మెడ, నడుము, తోక అన్నీ పాఠంలో ఉన్నట్టే ఉన్నాయి. కానీ మొదటి ఏటవాలుకే నాలుక వేలాడింది. ఓ రాయి చూసుకుని కూర్చున్నాడు. కూర్చోవడం అతనికి బాగా అలవాటైన పని.

అసలు పరుగంటే ఇంకేదో ఉంటుందని, అది ఎప్పుడు మొదలవుతుందోనని బెదురుతూనే నూకాలు మెట్ట ఎక్కేసింది. అక్కడ న్యాయనిర్ణేతగా ఉన్న ఏనుగును అడిగింది.

"పందెం ఎక్కణ్ణుంచి మొదలవుతుందయ్యా?"

"అయిపోయిందమ్మా" అంది ఏనుగు. "పిల్లల్ని తెచ్చుకో, చోటు నీదే."

సంతోషానికి నూకాలు ఒంటిమీది ముళ్లన్నీ నిక్కబొడుచుకుంటే, అభినందించడానికి వచ్చినవాళ్లు దూరంనుంచే దండాలు పెట్టారు.

ఆ సాయంత్రం జంబయ్యకు సన్మానం జరిగింది. ముళ్లపందినే పరుగెత్తించిన మహాగురువని అడవంతా పొగిడింది. కాదంటే కుట్ర బయటపడుతుంది. ఆయన మెడ వంచి దండ వేయించుకున్నాడు.

మరుసటి ఏడు వాగొడ్డున ఉన్నవాళ్లందరూ పేర్లిచ్చారు. తరగతి ఇంకా దూరంగా పెట్టాలని పట్టుబట్టారు. గురువు శిష్యులకంటే ముందుండాలి కనుక, జంబయ్య రోజూ తెల్లారకముందే రొప్పుకుంటూ కొండెక్కుతున్నాడు. ఇప్పుడు సంఘంలో పరుగెత్తేవాడు ఒకడున్నాడు.

నీతి: మంచి గురువు దొరకలేదని బెంగపడకండి, శ్రద్ధగా అడ్డుపడే పెద్దమనిషి ఒకడు దొరికినా చాలు.