మామగారి కరెంటు తుపాకీ

ఆ రోజు సాయిదుర్గ వేసుకున్న లెక్క చాలా చిన్నది. పదకొండింటికల్లా వంట, పన్నెండింటికి కంపెనీ క్యాబు, ఒంటిగంటకు కొత్త ఉద్యోగంలో మొదటి సంతకం. సికింద్రాబాద్‌లో సందుకో కంప్యూటర్ కోర్సు బోర్డు వేలాడుతున్న రోజులవి. ఇవాళ క్యాబు ఎక్కకపోతే ఆ కుర్చీలో రేపు ఇంకొకరు కూర్చుంటారు.

మామగారు రమణయ్య మాత్రం గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. ఏ.ఎస్. రావు నగర్‌లో ఆయనది రిటైర్డ్ ఎలక్ట్రానిక్స్ బుర్ర. వారం రోజులు మేడమీద గదిలో కూర్చుని, కోడలి రక్షణకు సొంతంగా ఒక కరెంటు తుపాకీ తయారుచేశారు. మీట నొక్కితే సన్నటి తీగలతో రెండు సూదులు ఎగిరి, పదడుగుల దూరంలో ఉన్న వెధవకు గుచ్చుకుని, వాణ్ణి చంపకుండా పడగొడతాయి.

"సీకటి పడ్డాక వచ్చేదానివి. ఇది బ్యాగులో ఉంటేనే ఉద్యోగం."

"గేటు దగ్గర బ్యాగులు వెతుకుతారు మావయ్యగారూ. ఇది చూస్తే నన్నే పట్టుకుంటారు."

"అయితే ఉద్యోగం లేదు."

"తుపాకీ తీసుకెళ్ళను. ఉద్యోగం మానను."

భర్త యశ్వంత్ తండ్రికోసారి, భార్యకోసారి తల ఊపి పొద్దున్నే ఆఫీసుకు జారుకున్నాడు. కాబట్టి తీర్పు చెప్పేవాళ్ళు లేరు.

"దీని పవరు తెలీక మాటాడతన్నావు. సూడు!" రమణయ్య దండెం మీది దిండుకు గురిపెట్టి మీట నొక్కారు. పేలలేదు. "ఏటైందిది?" అంటూ మూతి తనవైపు తిప్పుకుని మళ్ళీ నొక్కారు. అప్పుడు పేలింది. సూదులు బనీనులో దిగాయి. ఆయన కొయ్యలా ఒరిగిపోయారు. బిగుసుకున్న వేలు మాత్రం మీటను వదల్లేదు.

సాయిదుర్గ కర్ర కోసం వంటింట్లోకి పరిగెత్తింది. అదే సమయానికి పెరట్లోంచి వచ్చిన అత్తగారు రాజులమ్మకు భర్త నేలమీద బిగుసుకుపోవడమే కనబడింది.

"ఓలమ్మో, ఈయనకి ఫిట్సు! తాళాలు తెండి!"

పక్కవాటా అక్బర్ బీ బీరువా తాళాల గుత్తితో ఉరికొచ్చింది.

"వ... వ... వద్దు" అన్నారు రమణయ్య.

"అయ్యో, మాట సుత పడిపోయింది!" అని ఆమె గుత్తిని ఆయన చేతిలో కుక్కింది. మరుక్షణం "యా అల్లా!" అంటూ చతికిలబడింది.

"ఈవిడకీ అంటుకుందే!" అని రాజులమ్మ గొల్లుమంది.

"తాళాలు సరిపోవమ్మా, ఇనుము జెర పెద్దగుండాలె" అంటూ ఇస్త్రీ వీరయ్య, నిప్పులు రాజుతున్న ఇస్త్రీపెట్టెతో గేటు తోసుకొచ్చాడు.

అంతలో సాయిదుర్గ అప్పడాల కర్రతో వచ్చి మామగారి మణికట్టు మీద ఒక్కటిచ్చింది. తుపాకీ ఎగిరిపడింది.

"సూడండర్రా, కోడలు మావని కొట్టేస్తంది!" అని రాజులమ్మ కేక పెట్టింది.

వీధి వీధంతా గేటు దగ్గర చేరింది. ఆ గుంపు వెనక క్యాబు హారన్ మోగింది.

సాయిదుర్గ కర్రను అత్తగారి చేతిలో పెట్టి, జరిగింది రెండు ముక్కల్లో చెప్పి, బ్యాగు భుజాన వేసుకుంది. రమణయ్య మెల్లగా లేచి కూర్చున్నారు.

"ఉట్టి చేతుల్తోనే ఎల్తావా?"

"ఉట్టి చేతుల్తోనే మావయ్యగారూ. ఇవాళే కాదు, రోజూ."

రాజులమ్మ కర్ర పైకెత్తి భర్త వైపు తిరిగింది. "ఆ పిల్లని ఎల్లనీండి! రోడ్డుమీద రౌడీ ఉంటాడో లేడోగానీ, ఇంట్లో మీరున్నారు!"

ఆ రాత్రి క్యాబు దిగి, ఈలోగా మావయ్యగారు ఇంకేం తయారుచేశారో అనుకుంటూ ఇంటి గేటు మీద చెయ్యి వేసేదాకా సాయిదుర్గకు ఎక్కడా భయం వెయ్యలేదు.