ఎర్ర కారుకి దుమ్ముపూత

కెనడాలో మా సేంజాన్ సరస్సు ఒడ్డున చలికాలం వచ్చిందంటే మనుషులకి జలుబు, కార్లకి తుప్పు. జలుబు వారంలో పోతుంది. తుప్పు అల్లుడిలాంటిది, ఒకసారి ఇంట్లో అడుగుపెట్టిందంటే కదలదు. నేనూ అల్లుణ్నే కనక ఈ మాట అనే హక్కు నాకుంది.

ఐసు కరగాలని రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లు చింది కారు రంగు పొక్కుతుంది, పొక్కిన చోట తుప్పు మొదలవుతుంది. మా మామగారు అదేలార్ తన ఎర్ర కారుని ఏళ్ల తరబడి ఒక్క పొక్కు లేకుండా కాపాడుకున్నారు. ఆ వేసవిలో వృద్ధాశ్రమానికి వెళ్తూ తాళాలు నా చేతిలో పెట్టి, "మా అమ్మాయి సంగతి అదే చూసుకుంటుంది. దీన్ని మాత్రం జాగ్రత్తగా చూడు గేతాన్" అన్నారు. మా ఆవిడ గిలేన్ పక్కనే ఉంది. నవ్వలేదు.

నవంబరులో ఉప్పులారీలు బయల్దేరాయి. నేను పెరట్లో కారుకి డేరా కడుతుంటే గిలేన్ వచ్చింది.

"ఆదివారం నాన్న దగ్గరికి ఎర్ర కార్లో వెళ్దాం."

"అది ఇక వసంతం దాకా డేరా దాటదు."

"ఆయన కిటికీ దగ్గర కూర్చుని మన చిన్న కారు చూసి, నాదాన్ని అమ్మేశారా అంటున్నాడు. చూపిస్తే గానీ నమ్మడు."

"రోడ్డు చూశావా? ఊరగాయ పెడుతున్నట్టు పోశారు ఉప్పు."

"వసంతానికి కారు ఉంటుంది గేతాన్. నాన్న ఉంటాడని డాక్టరు అనలేదు."

ఆ మాట నిజమే. కానీ ఆ తాళాలు ఇచ్చింది కూడా ఆయనే కదా. నేను కాదంటే రాతిగుండె మొగుడినవుతాను. ఆవిడే కాదంటే గొడవే లేదు. ఆవిడ చేతే ఎలా కాదనిపించాలా అని ఆలోచించాను.

గిలేన్ పరువుగల మనిషి. పక్కింటివాళ్లు వస్తున్నారంటే మంచు ఎత్తే పారని కూడా తుడుస్తుంది. అలాంటిది మురికి కార్లో నలుగురి ముందూ దిగుతుందా?

మా వైపు ఒక పద్ధతుంది. చలికాలం ముందు కారు అడుగున నూనె కొట్టించి, తడి ఆరకుండా మట్టిదారిలో తోలతాం. దుమ్ము నూనెకి పట్టి పొరకడుతుంది. ఆ పొర ఉన్నంతకాలం ఇనుముకి ఉప్పు తగలదు. అందుకని ఊరంతా నూనె లూసియాన్ అని పిలిచే లూసియాన్ షెడ్డుకి వెళ్లాను.

"అడుగున కొట్టెయ్యనా?" అన్నాడు.

"ఒళ్లంతా కొట్టు."

"రంగు మీద ఎవరైనా నూనె కొడతారా? రంగుకి మైనం రాసుకోవాలి."

"మైనం రాశాను. దాని మీద కొట్టు."

లూసియాన్ గొట్టం దించి నా మొహంలోకి చూశాడు. "మీ ఆవిడతో ఏమైనా గొడవా?"

"లేదు. రాకుండా చూసుకుంటున్నాను."

పొలాల మధ్య ఉప్పు పొయ్యని మట్టిదారిని మేం రాంగ్ అంటాం. తొమ్మిదో రాంగ్‌లో దుమ్ము లేపుకుంటూ పోతున్న ట్రాక్టరు వెనకాలే భక్తుడిలా వెళ్లాను. నేను పట్టింది అక్షరాలా రాంగ్ రూటేనని అప్పుడు తెలియలేదు. ఇంటికి తెచ్చేసరికి ఆ కారు ఏ రంగుదో ఒట్టేసి చెప్పినా ఎవరూ నమ్మరు.

గిలేన్ దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది.

"ఏమిటిది?"

"కవచం. వసంతం దాకా కడగకూడదు."

"ఇక ఉప్పు అంటదా?"

"చచ్చినా అంటదు. నాది పూచీ."

"అయితే ఆదివారం ఇందులోనే వెళ్దాం."

"ఈ అవతారంతోనా? ఆశ్రమంలో అందరూ చూస్తారు."

"చూడనీ. ఉప్పు అంటదుగా."

ఆదివారం పొద్దున్న మంచి కోటు వేసుకుని, ఒళ్లో బ్లూబెర్రీ తీపిరొట్టె పెట్టుకుని కార్లో కూర్చుంది. దారి పొడుగునా కారు అడుగున ఉప్పురాళ్లు టపటపా తగులుతున్నాయి. ఒక్కొక్కటీ నాకే తగులుతున్నట్టుంది. ఆవిడ మాత్రం కిటికీలోంచి సరస్సు చూస్తోంది.

మామగారు చక్రాల కుర్చీలో కిటికీ దగ్గరే ఉన్నారు. కారుని చాలాసేపు చూశారు. తర్వాత కోటు తెమ్మని, బయటికి తీసుకెళ్లమని నర్సుతో పోట్లాడారు. తిట్లు తినడానికి నేను టోపీ తీసి కారు పక్కన నిలబడ్డాను.

ఆయన నన్ను పట్టించుకోలేదు. కోటు చేతి అంచుతో కారు తలుపు మీద గుండ్రంగా తుడిచారు. నూనెలోని ఇసుక గరగరమంది. పళ్లెమంత ఎరుపు బయటపడింది, దాన్నిండా సన్నటి గీతలు. నేను మైనం రాసి, నూనె కొట్టించి, ఎవర్నీ తాకనివ్వని రంగు అది.

"ఉందే. అమ్మలేదే" అన్నారాయన.

గిలేన్ తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. గీతల కోసం కాదు.

ముసలాయన వేలికంటిన నూనె వాసన చూశారు. "ఒళ్లంతా కొట్టించావేమిటి అల్లుడూ? అడుగుకే కదా కొట్టేది."

"అదే... ముందుజాగ్రత్త మామయ్యా."

ఆయన నన్ను చూశారు, కూతుర్ని చూశారు, దగ్గొచ్చేదాకా నవ్వారు. "మా అమ్మాయిని ఎక్కనివ్వకూడదనేనా? మీ అత్తకి నేనూ ఇదే చేశాను. ప్రతివారం చర్చికి దింపమని చంపుకుతినేది."

"అప్పుడు అత్తయ్య ఏం చేసింది?"

"ఏం చేస్తుంది? కొత్త టోపీ పెట్టుకొచ్చి ముందు సీట్లో కూర్చుంది."

"ఆ రోజు వెనక సీట్లో నేనున్నాను," అంది గిలేన్ నావైపు తిరిగి. "అందుకే నువ్వు నూనె వాసనేసుకుంటూ ఇంట్లోకి వచ్చినప్పుడే నీ ఎత్తు తెలిసింది నాకు."

నేను టోపీ మళ్లీ పెట్టుకున్నాను. చలికి కాదు, మొహం దాచుకోవడానికి.

ఆయన్ని ఇద్దరం పట్టుకుని ముందు సీట్లో కూర్చోబెట్టాం. సీటు మీద అరచెయ్యి ఆనించి, "సరస్సు దాకా పోనీ" అన్నారు.

"అటంతా ఉప్పేనండీ."

"ఉంటే ఉండనీ. నేను దాన్ని కాపాడింది తిరగడానికే. వచ్చే ఆదివారం కూడా ఇదే తీసుకురా."

"తెస్తాడు నాన్నా," అంది వెనక నుంచి గిలేన్. ముందుకి వంగి తండ్రి కోటు కాలరు సర్దింది. "తుప్పు పట్టిపోయేదాకా తెస్తాడు."

నేను తలూపి, కారు సరస్సు వైపు తిప్పాను.