చెయ్యెత్తినవారికే నొప్పి

ఈటె విసిరే పిల్లల క్లబ్బులో భుజం నొప్పులు ఆనాటితో సమూలంగా నిర్మూలన అయ్యాయని అధ్యక్షులవారు మైకులో ప్రకటించారు. తల్లిదండ్రులతో నిండిన హాలు చప్పట్లతో మోగిపోయింది. చివరి వరుసలో ఉన్న పిడుగు తల్లి కూడా కొట్టింది. నలుగురూ కొడుతుంటే చేతులు ముడుచుకు కూర్చోవడం మర్యాద కాదు కదా.

పిడుగంటే ఆమె పక్కన కూర్చున్న పదమూడేళ్ల కూతురే. విసురు చూసి శిక్షకుడు పెట్టిన పేరది. కొన్నాళ్లుగా ఆ పిల్ల కుడిచెయ్యి భుజం ఎత్తు దాటడం లేదు. జడ కూడా తల్లే వేస్తోంది. కానీ ఇంట్లోవాళ్లకు తెలిసినంత మాత్రాన అది అధికారిక నొప్పి అయిపోదు.

అధికారిక పరీక్ష ఆ ఉదయమే మైదానంలో జరిగింది. శిక్షకుడు పిల్లల్ని ఎండలో వరుసగా నిలబెట్టి, "భుజం నొప్పున్నవాళ్లు చెయ్యెత్తండర్రా!" అన్నాడు.

ఇంత తేలికైన పరీక్ష ఏ పెద్దాసుపత్రిలోనూ లేదు. ఎండకు తాళలేని ఒక గడుగ్గాయి ఠక్కున చెయ్యెత్తాడు. వాణ్ణి జాగ్రత్తగా నడిపించుకెళ్లి నీడలో కూర్చోబెట్టారు; నీడ తగలగానే వాడి నొప్పీ మాయమైంది. పిడుగు కుడిచెయ్యి ఎత్తబోయి, కళ్లనీళ్లు తిరిగి, ఎడమచెయ్యి ఎత్తింది.

"ఎడమ భుజమా? నువ్వు విసిరేది కుడిచేత్తో కదే! ఇంకేం, బంగారంలా ఉన్నావు," అని శిక్షకుడు మురిసిపోయాడు.

అంతకు ముందు వారం డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించి చెప్పనే చెప్పింది: "ఎదిగే పిల్ల కదమ్మా, భుజం దగ్గర ఎముక కొస ఇంకా లేతగానే ఉంది. విసిరి విసిరి అక్కడే దెబ్బతింది. మూడు నెలలు ఈటె ముట్టుకోనివ్వకండి. మొండికేస్తే చెయ్యి ఎదగడమే ఆగిపోవచ్చు."

పిడుగు తండ్రి ఇందులో శుభవార్తను పసిగట్టాడు. "ఇంకా ఎదుగుతోందట! చెయ్యి పొడుగైతే ఈటె ఇంకా దూరం పోతుంది. చల్లటి మాట చెప్పింది మహాతల్లి."

"పిల్ల నొప్పితో ఏడుస్తోందండీ!"

"ఆదివారం పోటీ అయ్యాక ఏడవమను. ఎవరొద్దన్నారు?"

ఏడవడానికి ఇంత స్వేచ్ఛనిచ్చే తండ్రి ఎందరికి దొరుకుతాడు?

హాల్లో అధ్యక్షులవారు మళ్లీ మైకు ముందు గొంతు సవరించుకున్నారు. ఆయనకు కుర్చీల దుకాణం ఉంది కనుక, ఏది ఎంత బరువు మోస్తుందో ఆయనకు తెలుసునని అందరి నమ్మకం. "సోదర సోదరీమణులారా! ఈ క్లబ్బు పరువు ప్రతిష్ఠలు మన పసిపిల్లల భుజాల మీదే ఉన్నాయి. ఆ బరువు దింపి వాళ్లను అవమానించలేం! ఆదివారం పోటీకి పిడుగును పంపుతున్నాం. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెయ్యెత్తండి."

తల్లి తన ఒళ్లో ఉన్న కుడిచేతిని చూసుకుంది. పొద్దున జడ వేసిన చెయ్యే. అది కాస్త కదిలింది. రెండోపక్క కూర్చున్న భర్త దగ్గాడు. చెయ్యి మళ్లీ ఒళ్లోనే సర్దుకుంది.

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. శిక్షకుడి పరీక్ష లెక్కన చూస్తే, ఆ హాల్లో ఒక్కరికీ నొప్పి లేదు.

చప్పట్ల మధ్య తల్లి చెవి దగ్గరికి పిడుగు వంగింది. "అమ్మా, నీక్కూడా చెయ్యి లేవట్లేదా?"